ఉక్కులో నిలిచిన కుట్టు

శ్రోతలకు నమస్కారం.

న్యూయార్క్ నగరంలో వాషింగ్టన్ ప్లేస్, గ్రీన్ స్ట్రీట్ కలిసే మూల మీద పది అంతస్తుల భవనం ఒకటి నేటికీ నిలిచి ఉంది. 1911 మార్చి 25వ తేదీ శనివారం సాయంత్రం, పని ముగియబోయే వేళ, దాని పై మూడు అంతస్తులలో నడుస్తున్న ట్రయాంగిల్ బ్లౌజుల కర్మాగారంలో నిప్పు అంటుకుంది. కత్తిరింపు బల్లల కింద పోగుపడిన పేలికలే మొదట మండాయి. ఆ మంట 146 మందిని బలిగొంది. వారిలో 123 మంది స్త్రీలు; ఎక్కువమంది వలస వచ్చిన యూదు, ఇటలీ కుటుంబాల పడుచులు. తొమ్మిదో అంతస్తులో మెట్లవైపు తలుపుకు తాళం వేసి ఉంది. పనివారు సరుకు దొంగిలించుకుపోతారేమోనని, ఇంటికి వెళ్లేటప్పుడు వారి సంచులు తనిఖీ చేసేందుకు ఒక్క దారే వదిలేవారు. అగ్నిమాపక దళం నిచ్చెన ఆరో అంతస్తు వరకే అందింది. విచారణలో యజమానులిద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు.

గుడ్డముక్క పోతుందేమోనని తలుపు మూసిన ఆ నగరంలో, నూరేళ్లు దాటిన తరువాత, ఆ మృతుల స్మారకం కోసం జనం ఎవరి గుడ్డముక్క వారే తెచ్చి ఇచ్చారు. నేను చెప్పదలచినది ఆ గుడ్డముక్కల గురించే.

అది 2019 మార్చి. అక్కడి ఫ్యాషన్ విద్యాసంస్థలో వందలాదిమంది కూర్చుని, తెచ్చిన ముక్కలను ఒకదానికొకటి అతికి, 300 అడుగుల పొడవైన పట్టీ కుట్టారు. పూర్వం ఊరంతా దుఃఖంలో ఉన్నప్పుడు భవనాల ముఖాలకు సంతాపసూచకంగా గుడ్డపట్టీలు వేలాడదీసేవారు. ఆ భవనానికే అమర్చిన ఈ స్మారకాన్ని రూపొందించిన రిచర్డ్ జూన్ యూ, యూరి వెగ్‌మన్‌లకు ఆ ఆచారమే ప్రేరణ. అయితే గుడ్డ ఎండకూ వానకూ నిలవదు. కనుక ఆ పట్టీలోని నేత, మడత, కుట్టు స్మారకపు ఉక్కు రేకుల మీదికి ఎక్కించారు. 2023 అక్టోబరు 11న స్మారకాన్ని ఆవిష్కరించారు.

సూదిలో దారం ఎక్కించడానికే నాలుగుసార్లు తడబడే వాడిని నేను. అయినా ఈ పనిలోని ఔచిత్యం నన్ను కదిలించింది. చనిపోయినవారు చేస్తూ ఉన్న పని కుట్టుపని. వారిని తలచుకోవడానికి వచ్చినవారు చేసిన పనీ కుట్టుపనే. పాలరాతి విగ్రహం ముందు మనం చేతులు కట్టుకుని నిలబడతాం. ఇక్కడ చేతులకు పని ఉంది.

2004 నుంచి ఏటా మార్చి 25న అక్కడ మరొక పని కూడా జరుగుతోంది. చనిపోయినవారు ఒకప్పుడు కాపురమున్న ఇళ్ల ముందు కాలిబాట మీద స్వచ్ఛంద సేవకులు వారి పేర్లు, వయసులు సుద్దముక్కతో రాస్తారు. వానకు చెరిగిపోతాయి, మరుసటి ఏడు మళ్లీ రాస్తారు. ఇటువంటి ప్రయత్నం తలపెట్టేవారికి నేను చెప్పగలిగినది ఒక్కటే: జనాన్ని చూడడానికి మాత్రమే పిలవకండి, చేయడానికి పిలవండి, వారు చేసినదాన్ని ఫొటో తీసి పక్కన పెట్టకుండా, తుది రూపంలో ఉండనివ్వండి.

ఆ స్మారకంలో పేర్లు తలకు పైన, ఉక్కు రేకులో తొలిచి ఉంటాయి. వెలుతురు వాటి గుండా దిగి, నడుము ఎత్తున ఉన్న నల్లని ఫలకంలో ప్రతిబింబిస్తుంది. తల వంచితే ఆకాశపు తునకలుగా ఒక్కొక్క పేరూ, పక్కన వయసూ కనిపిస్తాయి. అందరికన్నా చిన్నవారి పేర్ల పక్కన 14 అని ఉంటుంది.