తాళంచెవి వాళ్ల దగ్గరే, కాపలా మాత్రం యూఎన్‌ది: నేపాల్ గురించి ఒంగోలులో మాట్లాడింది

అందరికీ నమస్కారం. పిల్లలూ, వెనక ఫ్యాన్ కింద ఖాళీలున్నాయి, కూర్చోండి.

దోర్నాల, యర్రగొండపాలెం వైపు నుంచి వచ్చిన పెద్దోళ్లకి 2004 అక్టోబర్ గుర్తుండే ఉంటది. నల్లమలలో చిన్నారుట్ల దగ్గర మావోయిస్టు నాయకుడు రామకృష్ణ వాళ్లు బయటికొచ్చారు, ఆడ్నించి హైదరాబాద్ పొయ్యి ప్రభుత్వంతో నాలుగు రోజులు కూర్చుని మాట్లాడారు. రిటైరైన ఐఏఎస్ అధికారి శంకరన్ గారి లాంటోళ్లు మధ్యవర్తులుగా ఏళ్ల తరబడి అటూ ఇటూ తిరిగితే గానీ ఆ రోజు రాలేదు. వచ్చి ఏమైంది? ఆయుధాల దగ్గర పీటముడి పడింది. దళాలు తుపాకులేసుకుని ఊళ్లలోకి రాకూడదని ప్రభుత్వం, తుపాకీ పక్కన పెట్టే మాటే లేదని వాళ్లు. 2005 జనవరికల్లా చర్చలు అయిపోయినయ్, మళ్లీ ఎన్‌కౌంటర్లు మొదలు.

సరిగ్గా ఇదే పీటముడి రెండేళ్లకి నేపాల్లో వచ్చింది. నేను మన సంగతీ వాళ్ల సంగతీ ఒకటే అనట్లేదు, వాళ్లది మావోయిస్టులకీ ప్రభుత్వానికీ మధ్య దేశం మొత్తం పదేళ్లు సాగిన యుద్ధం, 1996లో మొదలై 2006 దాకా పదమూడు వేల మందికి పైనే పోయారు, తర్వాత లెక్కల్లో పదిహేడు వేలన్నారు. కానీ ప్రశ్న ఒకటే. నా తుపాకీ నేను పక్కన పెడితే రేపు నువ్వొచ్చి నన్ను కాల్చవని గ్యారంటీ ఏంది?

2005లో రాజు జ్ఞానేంద్ర అధికారమంతా తన చేతిలోకి తీసుకోబట్టి అప్పటిదాకా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోని ఏడు పార్టీలూ మావోయిస్టులూ ఢిల్లీలో కలిసి, ఆ నవంబర్లో 12 పాయింట్ల ఒప్పందం చేసుకున్నారు, 2006 ఏప్రిల్లో జనం రోడ్లెక్కారు, రాజు దిగొచ్చాడు, నవంబర్ 21న ప్రధాని గిరిజా ప్రసాద్ కొయిరాలా, మావోయిస్టుల నాయకుడు ప్రచండ శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఇదంతా మీరు ఎక్కడైనా చదువుకోవచ్చు, నేను ఆగాలనుకుంటా ఉంది ఆ తర్వాత జరిగిన దాని దగ్గర.

ఏం చేశారంటే, మావోయిస్టు సైన్యాన్ని 7 పెద్ద శిబిరాల్లో, వాటి చుట్టూ 21 చిన్న శిబిరాల్లో ఉంచారు. తుపాకులన్నీ లెక్కరాసి ఇనప కంటైనర్లలో పెట్టారు. హార్బర్లో చూస్తాం కదా, అట్లాంటి కంటైనర్లు. దానికి ఒకటే తాళం, ఆ తాళంచెవి ఎవరి దగ్గర? యూఎన్ దగ్గర కాదు, ప్రభుత్వం దగ్గర కాదు, మావోయిస్టుల దగ్గరే! కాకపోతే కంటైనర్‌కి సైరన్ ఉంటది, యూఎన్ వాళ్లు కనిపెట్టుకుని ఉంటారు, లోపల చెక్ చెయ్యాలంటే మావోయిస్టు మనిషి పక్కనుండగానే చెయ్యాలి. ఇంకో సంగతి, వాళ్లు ఎన్ని తుపాకులు లోపల పెడితే నేపాల్ సైన్యం కూడా అన్నే తుపాకులు తనవైపు కంటైనర్లలో పెట్టి తాళమేసుకోవాల. అంటే ఇదెక్కడా లొంగుబాటు కాదు. ఎవరి మర్యాద వాళ్లకి మిగిలింది. నన్నడిగితే ఆ ఒప్పందం మొత్తంలో తెలివైన పని ఇదే.

దీనికి యూఎన్ నుంచి వచ్చినోళ్లు ఎంతమంది అనుకుంటున్నారు? బ్లూ హెల్మెట్లు, అంటే యూఎన్ శాంతి సైనికుల బెటాలియన్లేం దిగలా. 2007 జనవరిలో భద్రతామండలి 1740 నంబర్ తీర్మానం చేసి యూఎన్‌మిన్ అనే మిషన్ పంపింది, ఆయుధాలు చూసే మానిటర్లు 186 మంది దాకా, చేతిలో ఆయుధం లేకుండా. వాళ్లందరూ వచ్చేలోపు ఇండియా, బ్రిటన్ సైన్యాల్లో చేసి రిటైరైన నేపాలీ గూర్ఖాల్ని పెట్టి నడిపించారు. మిషన్‌కి పెద్ద ఇయాన్ మార్టిన్, ఆయన అంతకు ముందు 2005 నుంచీ ఆడ యూఎన్ మానవహక్కుల ఆఫీసు నడిపిన మనిషి, రెండువైపులా ఆయన్ని ఎరిగినోళ్లే. కొత్త మొహం తెచ్చి పెట్టుంటే ఇంత తొందరగా పని జరిగేది కాదని నా అనుమానం.

మరి అంతా బాగా జరిగిందా అంటే, ఆడికే వస్తా ఉన్నా. శిబిరాల్లో 32 వేల మంది పేర్లు రాయించుకుంటే వడపోసి 19,602 మందిని ఖాయం చేశారు. 2009 మేలో ఒక వీడియో బయటపడింది, అందులో ప్రచండ తన వాళ్లతోనే మన అసలు బలం ఏడెనిమిది వేలే అంటున్నాడు. ఇంకేముంది, యూఎన్ మోసపోయిందని కొందరు, కావాలనే కళ్లు మూసుకుందని ఇంకొందరు. యూఎన్ పరువు ఆ దెబ్బకి మళ్లీ కోలుకోలా.

నాకు అంతకంటే బాధనిపించేది ఆ పిల్లల సంగతి. వడపోతలో 4,008 మందిని పక్కన పెట్టారు, వాళ్లలో 2,973 మంది యుద్ధం ఆగేనాటికి మైనర్లు. వీళ్లని 2010లో పంపించేశారు. యూఎన్ సంస్థలు చదువు చెప్పిస్తాం, పని నేర్పిస్తాం, చిన్న వ్యాపారం పెట్టిస్తాం అన్నయ్, మంచిదే. కానీ రెండేళ్ల తర్వాత మిగతా శిబిరాలోళ్లకి ఇంటికెళ్లేటప్పుడు నేపాలీ రూపాయల్లో అయిదు లక్షల నుంచి ఎనిమిది లక్షల దాకా చెక్కులిచ్చారు. పద్నాలుగేళ్లకే తుపాకీ పట్టించిన పిల్లోడికి ట్రైనింగ్, పెద్దోడికి చెక్కు. ఊళ్లో ఆ పిల్లోడు ఏ మొహంతో తిరగాల చెప్పండి.

యూఎన్‌మిన్ 2011 జనవరి 15న సర్దుకుని వెళ్లిపోయింది, అప్పటికి శిబిరాలు అట్నే ఉన్నయ్, మావోయిస్టుల్ని నేపాల్ సైన్యంలో కలిపే సంగతి తేలనే లేదు. మళ్లీ యుద్ధమేనని చాలామంది భయపడ్డారు. ఏం కాలా. నేపాల్ పార్టీలే ఒక స్పెషల్ కమిటీతో 2012లో శిబిరాలు సైన్యానికి అప్పజెప్పారు. చివరికి సైన్యంలో చేరింది 1,422 మందే, ఎక్కువమంది చెక్కు తీసుకుని ఇళ్లకి పొయ్యారు. డబ్బు కూడా అంతా బయటోళ్లదే అనుకోబాకండి, బ్రిటన్, నార్వే లాంటి దేశాలు ఇచ్చాయి గానీ ఈ శాంతి పనుల కోసం పెట్టిన పీస్ ట్రస్ట్ ఫండ్‌లో పెద్ద వాటా నేపాల్ ప్రభుత్వానిదే. నేను చెప్పొచ్చేది ఇదే, బయటోళ్ల సాయం పనికొచ్చింది ఆ నమ్మకం లేని మొదటి రెండు మూడేళ్లలో, అదీ మధ్యలో నిలబడి చూసేంతవరకే. దేశాన్ని ఎట్లా నడపాలో వాళ్లు చెప్పబోయిన ప్రతిసారీ గొడవే. మన దేశమే చూడండి, 2005లో వాళ్లు ఢిల్లీలో కూర్చోడానికి సహకరించాం, 2015 సెప్టెంబర్లో కొత్త రాజ్యాంగం వచ్చాక మన సరిహద్దు పక్క మైదానాల్లో ఉండే మధేశీల విషయంలో మనకి నచ్చలేదు, సరిహద్దులో లారీలు ఆగిపోయినయ్, పెట్రోలు గ్యాసు లేక నేపాల్ నెలల తరబడి అల్లాడింది. మనం ఆపలేదు మధేశీ నిరసనోళ్లే ఆపారని మన ప్రభుత్వం అన్నది, ఆడ మాత్రం ఎవరూ నమ్మలా. అన్నాళ్ల మంచి పేరు ఆ చలికాలంలోనే పోయింది.

ఒక్కచోట మాత్రం బయటోళ్లు గట్టిగా నిలబడ్డారు, అది యుద్ధంలో అన్యాయమైపోయినోళ్లు, మాయమైపోయినోళ్ల విషయంలో. 2015లో యుద్ధకాలం నేరాలకి ఒకటి, మాయమైనోళ్ల కోసం ఒకటి, రెండు కమిషన్లు వేశారు, చట్టంలో పెద్ద నేరాలకి కూడా క్షమాభిక్షకి దారి ఉందని యూఎన్ వాటికి సాయం చెయ్యనన్నది. అరవై వేలకి పైగా ఫిర్యాదులొచ్చినయ్, ఏళ్లు గడిచిపొయ్యాయి. 2024 ఆగస్టులో చట్టం మార్చారు, 2025లో కొత్త సభ్యుల్ని వేస్తే మమ్మల్ని అడక్కుండా ఎట్లా వేస్తారని బాధితుల సంఘాలే మళ్లీ ఎదురుతిరిగినయ్. ఆ ఫైళ్లు ఇంకా మూయలా.

ఇంక మీ ప్రశ్నలు. ముందు ఆ అమ్మాయికి మైకు ఇవ్వండయ్యా, ఇందాకట్నించీ చెయ్యి ఎత్తుతానే ఉంది.