గార్నెట్ పొదిగిన చేతిపని వెండి ఉంగరం: రివ్యూ

నమస్కారం అండి. ఇవాళ చూపించబోయేది పూర్తిగా చేత్తో చేసిన వెండి ఉంగరం. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక ఆచారి గారి దగ్గర చెప్పి చేయించుకున్నాను. వెండి 925 రకం, అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతాది మామూలుగా రాగి. రాయి ముదురు ఎరుపు గార్నెట్. జాతకాల్లో చెప్పే గోమేధికం కూడా గార్నెట్ కుటుంబంలోదే, కాకపోతే అది తేనె రంగులో ఉంటుంది. ఈ ఎర్ర రకం పేరు ఆల్మండైన్. ఈ రకం రాళ్లు దొరికే చోటు మనకు మరీ దూరం కాదు, కొత్తగూడెం వైపు గరీబ్‌పేటలోనే ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా. ఉంగరం చాలా బాగా వచ్చింది. అలా ఎందుకు అంటున్నానో చూడాలంటే కెమెరా కాస్త దగ్గరికి తీసుకురావాలి.

ఇదిగో, రాయి చుట్టూ ఈ సన్నటి వెండి అంచు చూడండి. రాయి కూర్చునే గూడు ఇది. గోరుతో అంచు చుట్టూ గీస్తున్నా, ఎక్కడా తగలడం లేదు. దూది పోగు తిప్పినా చిక్కుకోవడం లేదు. పోగు చిక్కుకుందంటే అక్కడ అంచు లేచి ఉన్నట్టే. మీరు కొనేటప్పుడు షాపులోనే ఇలా చూసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. పాలిష్ ఎవరైనా పెట్టగలరు. పనితనం తెలిసేది ఈ అంచు దగ్గరే.

ఇది ఎలా వస్తుందో దగ్గరుండి చూశాను. వెండిని మూసలో వేసి, వెలిగారం చల్లి కరిగించారు. కడ్డీగా పోసి సుత్తితో సాగదీశారు. కొట్టేకొద్దీ వెండి గట్టిపడుతుంది. అలాగే కొడుతూ పోతే పగుళ్లిస్తుంది, అందుకే మధ్యమధ్యలో మళ్లీ కాల్చి మెత్తబరుస్తారు. గూడుకి వాడే రేకు మాత్రం ఇంకా స్వచ్ఛమైన వెండి. అది మెత్తగా ఉంటుంది కాబట్టి రాయి మీదికి నొక్కితే మాట వింటుంది. ఆ రేకుని రాయి కొలతకి చుట్టి, టంకం పెట్టి, ఉంగరానికి అతికించి, మసి పోయేలా చింతపండు నీళ్లలో ఉడికించారు. అప్పటిదాకా రాయి పొట్లంలోనే ఉంది. "నిప్పు పనంతా అయ్యాకే రాయి ముట్టుకోవాలమ్మా" అన్నారాయన. వేడి ఒక్కసారిగా తగిలితే గార్నెట్ పగిలిపోవచ్చు.

నాకు బాగా నచ్చింది బిగింపు. అంచుని ఒక వైపు కొంచెం నొక్కి, వెంటనే ఎదురు వైపు నొక్కారు. తర్వాత మిగతా రెండు వైపులూ అలాగే. చక్రం నట్లు ఎదురెదురుగా బిగించినట్టే అన్నమాట. ఒకే వైపు నుంచి నొక్కుకుంటూ పోతే రాయి వాలిపోతుంది. ఈ రాయి చూడండి, ఎటు నుంచి చూసినా సమంగా ఉంది.

ఇంకో మంచి పని, గూడు అడుగు తెరిచి ఉంచడం. జాతకం కోసం పెట్టుకునేవాళ్లు రాయి చర్మానికి తగలాలని ఇలా అడుగుతారు. నేను అడిగింది వెలుగు కోసం. ముదురు గార్నెట్‌ని అడుగు మూసిన గూట్లో పెడితే నల్లగా కనిపిస్తుంది. ఇప్పుడు వెనక నుంచి టార్చ్ వేస్తున్నా, ఆ ఎరుపు చూడండి!

నచ్చనివి కూడా ఉన్నాయి. గూడు కాస్త ఎత్తుగా వచ్చింది, చీర కుచ్చిళ్లు సర్దుకునేటప్పుడు తగులుతోంది. లోపలి వైపు ఇక్కడ బూడిద రంగు మచ్చ ఉంది, చూడండి. కాల్చినప్పుడు వెండిలోని రాగికి గాలి తగిలి ఇలా అవుతుంది. ఆకురాయితో ఇంకాస్త రుద్ది ఉంటే పోయేది. బయటికి కనిపించదు కానీ, ఇంత మంచి పనిలో అది ఉండకూడదు.

డబ్బు విషయం. రాయితో సహా తూచి మొత్తానికి వెండి రేటు వేస్తే ఒప్పుకోకండి. 5 క్యారెట్ల రాయి అంటే 1 గ్రాము, ఆ గ్రాము తీసేసి వెండి లెక్క కట్టాలి. వెండి, రాయి, మజూరీ మూడూ బిల్లులో విడివిడిగా రాయించుకోండి. మజూరీ దగ్గర మాత్రం నేను బేరం ఆడలేదు, ఆ అంచు బిగించడం చూశాక ఆడాలనిపించలేదు.

రోజూ పెట్టుకుందామనుకుంటే గూడు ఎత్తు తగ్గించమని ముందే చెప్పండి. గార్నెట్ కాఠిన్యం, అంటే గీతలు పడకుండా తట్టుకునే గట్టిదనం, పదికి 7 అటూ ఇటూ ఉంటుంది, రోజువారీ వాడకానికి పర్వాలేదు. ముత్యం, పగడం అయితే వంటపనికి ముందు తీసేయాల్సిందే, నిమ్మరసానికే పాడవుతాయి. ఉంగరం వెండి నల్లబడితే గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. అప్పటికీ నలుపు వదలకపోతే ఆచారి గారికే ఇవ్వండి, ఇంట్లో యాసిడ్ల జోలికి వెళ్లకండి.