పాడేవాడికీ వినపడాలి

సభకు నమస్కారం. 1919లో మొదలైన సంగీత కళాశాల, దానికి తొలి ప్రిన్సిపాల్‌గా ఆదిభట్ల నారాయణదాసుగారు! అలాంటి విజయనగరంలో రాగాల గురించి మాట్లాడే సాహసం చెయ్యను. మైకుసెట్టు దగ్గరే ఆగుతాను.

మన దగ్గర ప్రోగ్రాం అనగానే కమిటీవాళ్లు అడిగేది "బాక్సులు ఎన్ని?" అని. వచ్చినవన్నీ జనం వైపు తిప్పేస్తారు. పాడేవాడికి వినపడుతోందా అని అడిగే నాథుడుండడు. పెద్ద బాక్సుల్లోంచి మాటల స్పష్టత ముందుకే పోతుంది, బేస్ మోత మాత్రం వెనక్కీ పాకుతుంది. స్టేజీ మీద వాళ్లకి దక్కేది ఆ మోతే. దానికి తోడు ఎదుటి గోడ. ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. గోడ 34 మీటర్ల దూరంలో ఉంటే పాట వెళ్లి తిరిగొచ్చేసరికి సెకనులో అయిదో వంతు. ద్రుతకాలంలో ఆ కాస్త చాలు, తాళం తప్పడానికి.

తన గొంతు తనకి వినపడకపోతే మనిషి తెలియకుండానే అరుస్తాడు. ఫ్రెంచి వైద్యుడు లొంబార్డ్ 1911లోనే ఈ సంగతి ప్రచురించాడు. తెల్లారేసరికి గొంతు పోతే మనవాళ్లు మాత్రం మంచు మీదకి నెట్టేస్తారు.

తప్పెటగుళ్ల బృందాన్ని చూడండి. తప్పెట గుండెల మీదే ఉంటుంది, గజ్జెలు కాళ్లకే ఉంటాయి. దెబ్బ చెవికంటే ముందు ఒంటికి తెలుస్తుంది. పక్కవాడు చేతికందే దూరంలో ఆడుతుంటాడు. వాళ్లకి మానిటర్, అంటే స్టేజీ మీదవాళ్ల వైపు తిప్పిన బాక్సు, అక్కర్లేదు; పక్కనే బాక్సులు పెట్టి హోరెత్తించకపోతే చాలు. హరికథ దాసుగారికీ తాళం చిడతల్లో, గజ్జెల్లో ఉంటుంది. శ్రుతి దగ్గరే చిక్కు. హార్మోనియం వినపడాలి కదా.

అందుకే కళాకారుడి వైపు తిరిగిన చిన్న బాక్సు ఒకటి కావాలి. పాటల మైకుల్లో చాలావాటికి వెనక నుంచి వచ్చే శబ్దం తక్కువగా వినపడుతుంది. మానిటర్‌ని ఆ వెనక వైపున, మొహానికి ఎదురుగా పెడతారు. కొందరు కుర్రాళ్లు స్టైల్‌గా మైకు తలని పిడికిట్లో మూసేస్తారు. దాంతో దాని వెనక కన్నాలు మూసుకుపోయి అన్ని వైపులా వినడం మొదలెడుతుంది, కుయ్యిమని కూస్తుంది. తిట్లు మాత్రం ఆపరేటర్‌కి!

మానిటర్‌లో అన్నీ పెట్టించుకోకండి. మీ గొంతు, శ్రుతి, కొంచెం తాళం చాలు. వినపడకపోతే "పెంచు" అనే ముందు ఏది తగ్గించాలో చూడండి. చెవిలో పెట్టుకునే ఇన్-ఇయర్‌లు మంచివే, కానీ వాటితో జనం కేకలు దూరమవుతాయి. అందుకని ఒకటి తీసేసి, రెండోదాని వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు. చెవికి అది మరీ ప్రమాదం.

కమిటీ పెద్దలకి ఒక్క మాట. ఆపరేటర్ కింద నిలబడి "హలో, మైక్ టెస్టింగ్" అంటే స్టేజీ మీద సంగతి తేలదు. పాడే మనిషినే నిలబెట్టి, వాద్యాలతో సహా ఒక పల్లవి పాడించండి. అందుకు పది నిమిషాలు కావాలంటే అతిథుల ప్రసంగాల్లోంచి కోసెయ్యండి. నాది ఇక్కడితో ఆపేస్తున్నాను.