విన్‌ఫ్రీడ్ షేఫర్: కార్ల్స్‌రూహే నుంచి టెహ్రాన్ దాకా

సభకు నమస్కారం. దేశాలు తిరిగిన జర్మన్ ఫుట్‌బాల్ కోచ్‌లు చాలామందే ఉన్నా, ఈ సాయంత్రం నేను విన్‌ఫ్రీడ్ షేఫర్ గురించి మాట్లాడదలచుకోవడానికి కారణం, ఆయన పన్నెండేళ్లు ఒకే క్లబ్బును అంటిపెట్టుకొని ఉండి, ఆ తర్వాతే సంచారం మొదలుపెట్టడం.

1950లో మాయెన్ పట్టణంలో పుట్టిన షేఫర్, మిడ్‌ఫీల్డ్ ఆటగాడిగా బొరుసియా మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్ తరఫున 1970లో జర్మనీ అగ్రశ్రేణి లీగ్ బుండెస్‌లీగా గెలిచిన జట్టులో ఉన్నారు. 1986లో ఆయన కోచ్‌గా చేపట్టేనాటికి జర్మన్ క్లబ్బు కార్ల్స్‌రూహే రెండో డివిజన్ జట్టు. ఏడాది తిరిగేసరికి అది పై డివిజన్‌కు చేరింది. ఒలివర్ కాన్, మెహ్మెట్ షోల్ ఆయన దగ్గర రాటుదేలాకే బాయర్న్ మ్యూనిక్‌కు వెళ్లారు. 1993లో యూరప్ క్లబ్బుల పోటీ యుయెఫా కప్పులో స్పెయిన్ క్లబ్బు వలెన్సియా చేతిలో 3-1తో ఓడి వచ్చిన ఈ చిన్న క్లబ్బు, నవంబరు 2న సొంత మైదానంలో అదే జట్టును 7-0తో చిత్తు చేసింది. అందులో నాలుగు గోల్స్ ఎడ్గార్ ష్మిట్‌వి. అంతటి కోచ్‌నూ 1998లో సాగనంపారు. ఫలితాలు తప్పితే ఈ వృత్తిలో పాత మంచి అక్కరకు రాదు.

2001లో కామెరూన్ జట్టు బాధ్యత దక్కింది. మరుసటి ఏడు బమాకోలో సెనెగల్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఆఫ్రికా కప్పు గెలిచిన షేఫర్, కొద్ది నెలలకే ప్రపంచ కప్పులో సొంత దేశమైన జర్మనీ చేతిలో 2-0తో ఓడి ఇంటిదారి పట్టారు. 2003లో ఖండాల విజేతలు తలపడే కాన్ఫెడరేషన్స్ కప్పులో ఆయన జట్టు బ్రెజిల్‌ను ఓడించింది. జూన్ 26న లియోన్‌లో కొలంబియాతో సెమీఫైనల్ ఆడుతూ కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయె మైదానంలోనే కుప్పకూలి మరణించారు. మూడు రోజులకే ఆ ఆటగాళ్లు ఫ్రాన్స్‌తో ఫైనల్ ఆడి, అదనపు సమయంలో థియరీ ఆన్రీ కొట్టిన ఒక్క గోల్‌తో ఓడిపోయారు. రికార్డుల్లో అది ఓటమే. నా మటుకు నాకు, ఆ జట్టును ఆ రోజు మైదానందాకా నడిపించడమే షేఫర్ చేసిన అతి కష్టమైన పని.

తర్వాత దుబాయ్, అల్ ఐన్, బాకు, థాయ్‌లాండ్ వరసగా వచ్చాయి. 2013లో జమైకా పిలిచింది. 2015లో ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల పోటీ గోల్డ్ కప్పు సెమీఫైనల్‌లో, అమెరికాను వారి గడ్డమీదే, అట్లాంటాలో 2-1తో ఓడించి, ఫైనల్ చేరిన తొలి కరీబియన్ జట్టుగా జమైకా నిలిచింది. ఫైనల్‌లో మెక్సికో 3-1తో గెలిచింది. 2018లో, అరవై ఎనిమిదేళ్ల వయసులో, షేఫర్ టెహ్రాన్ క్లబ్బు ఎస్తెగ్లాల్‌కు ఇరాన్ హజ్ఫీ కప్పు తెచ్చిపెట్టారు.