కుంచం నుంచి కాటా దాకా

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

కొలతల గురించి మాట్లాడమన్నప్పుడు నాకు ముందుగా గుర్తుకొచ్చింది మా కళ్లం. తూర్పారబట్టిన ధాన్యపు రాశి ముందు కూర్చుని మా తాతగారు కుంచం నింపి గోనెలోకి ఒంపుతూ, మొదటి కుంచానికి ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని, ఆ తరువాతే ‘రెండు, మూడు’ అంటూ లెక్క సాగించేవారు. నేను మాత్రం ఆ లెక్క కన్నా కుంచం అంచునే ఎక్కువగా చూసేవాణ్ణి. అప్పు కింద ధాన్యం కొలుచుకుపోయే ఆసామి వచ్చిన రోజున ఆ అంచు మీద గింజలు గోపురంలా నిలిచేవి. కూలి కొలిచే రోజున అరచెయ్యి ఆ అంచు మీదుగా సమంగా సాగేది. పాత్ర అదే, పేరు అదే, కానీ అందులో పట్టే ధాన్యం ఒకటి కాదు.

నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. అక్షరం రాని మనిషి కూడా సగం చేస్తూ, రెట్టింపు చేస్తూ తప్పు లేకుండా పంచుకోగలిగిన లెక్క ఇది. ఈ కొలతలు గింజల దగ్గరే ఆగిపోలేదు. ఎన్ని గింజలు చల్లితే సరిపోతుందో దాన్నిబట్టి నేలను కూడా తూమెడు, పుట్టెడు అని చెప్పుకున్నారు. విస్తీర్ణం కన్నా సేద్యానికి ఏం కావాలో చెప్పే ఈ పద్ధతిలో గొప్ప వివేకం ఉందని నేను నమ్ముతాను. అయితే కుంచం పరిమాణం ఊరూరికీ మారేది కనుక, పొరుగూరి సంతకు వెళ్లినవాడు అక్కడి కొలతను నమ్మడం తప్ప చేయగలిగింది లేదు.

స్వతంత్రం వచ్చాక 1956లో పార్లమెంటు తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేసింది. 1957 ఏప్రిల్ 1న పదహారణాల రూపాయి నూరు నయాపైసలైంది; 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు అంచెలంచెలుగా అమలుకొచ్చాయి. నూట ఇరవై తులాల వీసె, అంటే దాదాపు 1.4 కిలోలు, అంగడి నుంచి తప్పుకొంది. తులం మాత్రం మిగిలింది కానీ బరువు తగ్గించుకుంది: 11.66 గ్రాముల తులాన్ని నేడు బంగారం కొట్లో పది గ్రాములుగా లెక్కగడుతున్నారు. సగం చేసే అలవాటూ పోలేదు. నూట పాతిక గ్రాముల పొడి అడుగుతున్నామంటే కిలోను మూడుసార్లు సగం చేస్తున్నామన్నమాట.

అన్నిటికన్నా పెద్ద మార్పు నా దృష్టిలో మరొకటి. ధాన్యాన్ని పాత్రతో కొలవడం మాని కాటా మీద తూచడం మొదలుపెట్టాం. గోపురం తగాదా దానితో తీరిపోయింది. ముద్ర వేసిన కాటాకు ఆసామి ఎవరో, కూలి ఎవరో తెలియదు. ఇది పేదవాడికి దక్కిన నిజమైన న్యాయం. కానీ కాటా గింజతోపాటు గింజలోని నీటినీ తూస్తుంది. అందుకే తగాదా కుంచం అంచు మీద నుంచి తేమ శాతానికి మారింది. ప్రభుత్వ కొనుగోలులో తేమ 17 శాతం మించకూడదన్న నిబంధన ఉంది. తేమ ఎక్కువుందంటూ బస్తాకు ఇన్ని కిలోలని తరుగు తీసేటప్పుడు, ఆ అంకె ఎలా వచ్చిందని అడిగే రైతు తక్కువ.

ఈ లెక్క కష్టమైనదేమీ కాదు. ఇరవై శాతం తేమ ఉన్న నలభై కిలోల బస్తాలో ఎనిమిది కిలోలు నీరు, ముప్పై రెండు కిలోలు గింజ. ఆ ముప్పై రెండు కిలోల గింజను 17 శాతం తేమకు ఆరబెడితే బస్తా దాదాపు ముప్పై ఎనిమిదిన్నర కిలోలు తూగుతుంది. అంటే తేమ కింద న్యాయంగా తీయవలసిన తరుగు కిలోన్నర లోపే. తాలు, మట్టి ఉంటే వాటి లెక్క వేరు, దాన్ని విడిగా చూపించాలి.

మా తాతగారు గింజను పంటి కింద కొరికి, టక్కున విరిగితేనే ఆరిందనేవారు. కళ్లం మీద ఆయనకు అది చాలింది. కొనుగోలు కేంద్రంలో నిలబడిన రైతు మాత్రం తేమ యంత్రం చూపిన అంకెను తన కళ్లతో చూడాలి, పట్టీ మీద రాయించుకోవాలి, ఈ లెక్క అక్కడే వేసి చూపించాలి.