యుద్ధం అయిపోయాక మర్ఫీ

బెజవాడలో ‘మర్ఫీస్ వార్’ అనే ఈ సినిమా వేస్తున్నారనగానే నాకొచ్చిన అనుమానం ఒకటే: మనవాళ్లు విజిల్ ఎక్కడ వేస్తారు? పగ తీరే సీన్లకు గాంధీనగర్ హాళ్లలో కాగితాలు ఎగరేసినవాళ్లం కదా. ఇవాళ విజిల్ ఒక్కచోటే పడింది, విమానం లేచినప్పుడు. సరైన చోటే వేశారు.

‘మర్ఫీస్ వార్’ 1971లో వచ్చింది. దర్శకుడు పీటర్ యేట్స్. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, వెనెజువెలాలోని ఒరినోకో నది దగ్గర జర్మన్ జలాంతర్గామి ఒక వర్తక నౌకను ముంచి, నీళ్లలో పడ్డవాళ్లనూ కాల్చేస్తుంది. బతికిపోయినవాడు మర్ఫీ. విమానాల మెకానిక్కు, రిపేరు వచ్చు, నడపడం రాదు. ఒక పాత నీటి విమానాన్ని నది మీద గంతులేయిస్తూ, చెట్లకు తగలబోయి తప్పించుకుంటూ ఎలాగో లేపుతాడే, అంతసేపూ మనం పూర్తిగా వాడి పక్షమే. పెట్రోలు బాంబులు తయారుచేస్తుంటే కూడా తప్పనిపించదు.

తర్వాత రేడియోలో కబురొస్తుంది, జర్మనీ లొంగిపోయిందని. మర్ఫీకి పట్టదు.

నాకు ఇక్కడ అశ్వత్థామ గుర్తొస్తాడు. దుర్యోధనుడు తొడలు విరిగి పడిపోయాడు, యుద్ధం ముగిసినట్టే. కానీ తండ్రిని మోసంతో చంపారన్న మంట ఆరలేదు. ఆ మంట అబద్ధమని ఎవరనగలం? ఆ మంటతోనే వెళ్లి నిద్రపోతున్నవాళ్లను చంపాడు. అయినా, చేసింది చెప్పుకోడానికి అతనికి కొనఊపిరితో ఉన్న దుర్యోధనుడైనా మిగిలాడు. మర్ఫీకి ఎవరున్నారు? క్రేను పడవతో తోడొచ్చిన ఫ్రెంచివాడు లూయీ కూడా విసిగి వదిలేశాడు. మర్ఫీ ఒక్కడే పేలని టార్పెడోను ఆ పడవ మీది క్రేనుతో ఎత్తి, బురదలో ఇరుక్కున్న జలాంతర్గామి మీద వేశాడు. ఆ పేలుడుకు అదే క్రేను కింద చిక్కుకుని తనూ మునిగాడు. దర్శకుడు అక్కడ మనకు చప్పట్లు కొట్టే సందే ఇవ్వలేదు.

"మరి నీళ్లలో ఉన్నవాళ్లను కాల్చినవాళ్లను వదిలెయ్యాలా?" అంటారు మీరు. న్యాయమైన ప్రశ్నే. నిజంగా జరిగిందొకటి చెప్తాను. 1944 మార్చిలో ‘పెలియస్’ అనే గ్రీకు నౌకను ముంచాక జర్మన్ జలాంతర్గామి యూ-852 సిబ్బంది ఇలాగే తెప్పల మీద కాల్పులు జరిపారు. యుద్ధం ముగిశాక దాని కెప్టెన్ ఎక్‌ను హాంబర్గ్‌లో బ్రిటిష్ సైనిక కోర్టు విచారించింది. 1945 నవంబరు 30న అతన్నీ, మరో ఇద్దర్నీ కాల్చి చంపారు. మర్ఫీ లాంటివాడికి ఆ తీర్పు చాలేదా? నాకైతే నమ్మకం లేదు. వాడికి కావలసింది శిక్ష పడటం కాదు, తన చేత్తో వెయ్యడం.

మైకు అటివ్వండి, ముందు వరుసలో మాస్టారు చాలాసేపట్నుంచి చెయ్యెత్తి ఉన్నారు.