బాత్‌రూమ్‌లో గాజు అడ్డు: కారు అద్దం చెప్పే సంగతులు

[తెరపై: కారు పక్క కిటికీ అద్దం, బాగా దగ్గరగా]

"పిల్లలున్న ఇల్లండీ, గాజు వద్దు. ప్లాస్టిక్ షీటు పెట్టించండి."

చిన్న బాత్‌రూమ్‌లో స్నానం చేసే చోటుకూ కమోడ్‌కూ మధ్య అడ్డు పెట్టాలనగానే ఎవరో ఒకరు ఈ మాట అంటారు. విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే అదే పిల్లవాడు కారులో కిటికీ అద్దానికి చెంప ఆనించి నిద్రపోతాడు. అదీ గాజే. అక్కడ లేని భయం ఇక్కడ ఎందుకు? ఈ రోజు ఆ కారు అద్దాన్ని పట్టుకునే మొత్తం విషయం చెబుతాను.

మన అమ్మమ్మల కాలం నాటి అల్మరా అద్దం మామూలు గాజు. పగిలితే కత్తుల్లాంటి పెంకులు వస్తాయి. మన భయమంతా దాని నుంచి వచ్చిందే. కారు పక్క అద్దం టఫెన్డ్ గ్లాస్. గాజు పలకను 600 డిగ్రీల సెల్సియస్ దాటేలా వేడి చేసి, వెంటనే రెండు వైపులా గాలి కొట్టి చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలి భాగం ఆ తరువాత నెమ్మదిగా చల్లారి కుంచించుకుంటూ పైపొరను లోపలికి లాగి పట్టుకుంటుంది. ఆ బిగువు వల్లే అది అంతే మందం ఉన్న మామూలు గాజుకంటే నాలుగైదు రెట్లు బలంగా ఉంటుంది. పగిలితే ఆ బిగువంతా ఒక్కసారిగా విడిపోయి, పలక మొత్తం చిన్న చిన్న పలుకులవుతుంది. కారు అద్దం పగిలిన చోట రోడ్డు మీద రాళ్ళ ఉప్పు పోసినట్టు ఉంటుంది, చూసే ఉంటారు. చేతికి చిన్న గాట్లు పడవచ్చు కానీ, పొడవాటి పెంకు దిగే ప్రమాదం బాగా తగ్గుతుంది.

[తెరపై: గాజు పలక కింది మూల, పక్కన స్టీలు బకెట్]

అయితే దీనికీ ఒక బలహీనత ఉంది, అది అంచు. అద్దం మధ్యలో మోచెయ్యి తగిలినా ఏమీ కాదు. మూల మీద గట్టి వస్తువు చిన్నది తగిలినా మొత్తం రాలిపోవచ్చు. కారులో ఆ అంచులను తలుపు లోపల రబ్బరులో దాచేస్తారు. మన బాత్‌రూమ్‌లో అంచు బయటే ఉంటుంది. పైగా మనది బకెట్ స్నానం. నిండు బకెట్‌ను కాలితో జరుపుతాం, దాని అడుగు సరిగ్గా గాజు కింది మూల దగ్గరకే వెళుతుంది. అందుకే గాజు కింది అంచును అల్యూమినియం చానెల్‌లో, రబ్బరు పట్టీ (గాస్కెట్) వేసి కూర్చోబెట్టించండి. గాజుకూ లోహానికీ, గాజుకూ టైలుకూ నేరుగా తాకిడి ఉండకూడదు.

ఇంకో మాట. "సైటులో కొంచెం కోసి సరిచేస్తాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. టఫెన్డ్ గ్లాస్‌ను కోయలేరు, రంధ్రం పెట్టలేరు. ప్రయత్నిస్తే ఉప్పు రాశే మిగులుతుంది. కోతలు, రంధ్రాలు అన్నీ వేడి చేయక ముందే అయిపోవాలి. కాబట్టి కొలత టైల్స్ వేశాకే తీసుకోవాలి, అదీ పైన, మధ్యలో, కింద మూడు చోట్ల. మన గోడలు నిట్టనిలువుగా ఉండటం అరుదు. పలక వచ్చాక మూలలో ఐఎస్ 2553 ముద్ర, అంటే సేఫ్టీ గ్లాస్‌కు ఉన్న భారతీయ ప్రమాణం ముద్ర, ఉందో లేదో వేలితో తడిమి చూడండి.

మందం విషయానికి వస్తే, ఫ్రేము లేకుండా అయితే 8 మిల్లీమీటర్లు. 30 అంగుళాల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు పలక ఆ మందంలో సుమారు 30 కిలోలు తూగుతుంది. మందం 10 అయితే 37 దాటుతుంది. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న గదిలో గాజు అడ్డుకు తలుపు పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం. తెరిస్తే కమోడ్‌కు తగులుతుంది. కదలని ఒక్క పలక, పక్కన మనిషి పట్టేంత దారి, అంతే చాలు.

[తెరపై: పాత కారు హెడ్‌లైటు, పసుపు రంగుకు మారినది]

మరి ప్లాస్టిక్? మళ్ళీ కారు దగ్గరికే రండి. హెడ్‌లైటు ముందుభాగం పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. పగలదు, నిజమే. కొన్నేళ్ళకు ఎలా మసకబారిందో చూడండి. అక్కడ ఎండ కారణం, బాత్‌రూమ్‌లో పీచు కారణమవుతుంది. బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎండి తెల్లగా పేరుకుంటాయి. వాటిని పీచుతో రుద్దితే ప్లాస్టిక్ షీటు యాక్రిలిక్ అయినా పాలీకార్బొనేట్ అయినా గీతలు పడుతుంది. ఆ గీతల్లో మళ్ళీ మురికి చేరుతుంది. అద్దె ఇల్లయితే, బరువు మోయని గోడయితే యాక్రిలిక్ పెట్టుకోండి, తప్పు లేదు. బరువు గాజులో సగం కూడా ఉండదు. కానీ భద్రత కోసమని మాత్రం దాన్ని ఎంచుకోకండి.

గాజు మీదా తెల్ల మరకలు వస్తాయి. అవి గాజు నాసిరకం కావడం వల్ల రావు, నీళ్ళ వల్ల వస్తాయి. కారుకు వైపర్ ఉన్నట్టే ఇక్కడా చేతి వైపర్ ఒకటి తగిలించండి. స్నానం అయ్యాక పై నుంచి కిందికి నాలుగు లాగుళ్ళు. నీళ్ళు ఎండే అవకాశమే ఇవ్వకూడదు.

సమయం దగ్గర పడింది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. గాజు బదులు ఇటుక గోడ కడితే ప్లాస్టరు, టైల్స్ కలిపి ఆరంగుళాలు పోతాయి, చిన్న గదిలో అది చాలా ఎక్కువ. గాజును పట్టి ఉంచే క్లిప్పులు ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఒక రకం) అని బిల్లు మీద రాయించుకోండి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలేననే పరీక్షను నమ్మకండి, త్వరగా తుప్పు పట్టే 202 రకానికీ అది అంటుకోదు. గాజు కింద కట్టే చిన్న గట్టుకు గ్రానైట్ మంచిది. కడప రాయి, తాండూరు రాయి సున్నపురాళ్ళు, మరకలు తీయడానికి వాడే నిమ్మరసం, వెనిగర్ వాటి మెరుపును తినేస్తాయి. సందులు పూడ్చే సిలికాన్ బూజు పట్టని రకం అడగండి, పెట్టాక ఒక రోజంతా తడవనివ్వకండి.

ఇక నేల వాలు. నీళ్ళు జాలీ వైపు కాకుండా తలుపు వైపు పారుతుంటే ఏ గాజూ ఆపదు. పలకకు ఆర్డరు ఇచ్చే ముందే ఒక చెంబు నీళ్ళు నేల మీద పోసి, అవి ఎటు వెళుతున్నాయో చూడండి.